ఇంగ్లిష్ వస్తే చాలా? ఆలోచించి మాట్లాడటం మన స్కూళ్లలో నేర్పేదెప్పుడు?

జంపని (బాపట్ల జిల్లా): టెన్త్‌లో ఎన్ని మార్కులు? ఇంటర్‌లో ఏ గ్రూపు? జంపని అయినా, పక్కనున్న తెనాలి అయినా పిల్లలను ఇంట్లో అడిగేవి ఈ రెండే. కానీ డిగ్రీ అయ్యాక ఇంటర్వ్యూలో అడిగేది వేరే.. "మీ గురించి చెప్పండి". మంచి మార్కులు వచ్చినవాళ్లు కూడా అక్కడే తడబడుతున్నారు.

మరి ప్రభుత్వాలు ఏం చేశాయి?

2022లో కాకినాడ జిల్లా బెండపూడి జడ్పీ హైస్కూల్ పిల్లల ఇంగ్లిష్ వీడియోలు వైరల్ అయ్యాయి. అప్పటి సీఎం జగన్ వాళ్లను పిలిపించుకుని మాట్లాడారు. 2023లో సర్కారు బడుల్లో టోఫెల్ కోసం అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం కుదిరింది. 2024లో ప్రభుత్వం మారింది, టోఫెల్ ఆగిపోయింది. 2025లో శనివారం 'నో బ్యాగ్ డే' వచ్చింది. అదే ఏడాది నవంబర్ 26న అమరావతిలో మాక్ అసెంబ్లీ పెట్టారు. నియోజకవర్గానికి ఒకరు చొప్పున పిల్లలే ఎమ్మెల్యేలుగా కూర్చున్నారు.

బాగుంది. కానీ వేమూరు నియోజకవర్గం నుంచి వెళ్లేది ఒక్కరే కదా! మరి మిగతా క్లాసు సంగతేంటి?

అసలు చిక్కు ఇక్కడే!

మనం కమ్యూనికేషన్ అంటే ఇంగ్లిష్ అనుకుంటున్నాం. చెప్పడానికి సొంత ఆలోచన లేకపోతే ఏ భాష వచ్చి ఏం లాభం? బట్టీ కొట్టిన ఇంగ్లిష్ స్పీచ్ కూడా బట్టీయే. 2022 పీసా పరీక్షలో 15 ఏళ్ల పిల్లలు కొత్తగా ఎలా ఆలోచిస్తారో కూడా చూశారు. సింగపూర్ ఫస్ట్ వచ్చింది. ఇండియా అసలు పాల్గొనలేదు. విమర్శనాత్మక ఆలోచన ముఖ్యమని మన 2020 జాతీయ విద్యా విధానం కూడా చెప్పింది. అయితే పరీక్షలో మార్కులు లేనిదాన్ని స్కూలూ పట్టించుకోదు, ఇల్లూ పట్టించుకోదు.

ఏం చేయొచ్చు?

పెద్ద ఖర్చేం అక్కర్లేదు. శనివారం ఒక్క గంట చాలు. 'కాలువ శివారు పొలాలకు నీళ్లు ఎందుకు ఆలస్యంగా వస్తాయి?' అని అడగండి. డెల్టా పిల్లలకు ఇది ఇంట్లో రోజూ వినే గొడవే. సగం మంది రైతులు, సగం మంది ఇరిగేషన్ అధికారులు. ముందు తెలుగులోనే వాదించనివ్వండి, తర్వాత పక్షాలు మార్చండి. అవతలివాడి మాట వింటేనే జవాబు చెప్పగలరు. ఇంగ్లిష్ ఆ తర్వాత.

దీనికి పది మార్కులు పెడితే చాలు, సీన్ మారిపోతుంది. లేదంటే ప్రభుత్వం మారినప్పుడల్లా స్కీమ్ పేరు మారుతుంది, ఇంటర్వ్యూ రూమ్‌లో మన పిల్లల మౌనం మాత్రం మారదు.