రేడియో గొంతును దాచిన ఇంటి క్యాసెట్లు

వ్రాసిన మాటకు కాగితం ఆధారం. పలికిన మాటకు చిరకాలం ఏ ఆధారమూ లేకపోయింది. రేడియోలో వినవచ్చిన మాటను సామాన్య గృహస్థు తన ఇంట నిలుపుకొనగలిగింది క్యాసెట్ టేప్ రికార్డరు వచ్చిన తరువాతనే. ఫిలిప్స్ సంస్థ 1963లో ప్రవేశపెట్టిన ఆ చిన్న క్యాసెట్ 1970, 80 దశకాలలో మన మధ్యతరగతి ఇళ్లకు చేరింది.

నిజాం ప్రభుత్వ కాలంలో మొదలైన హైదరాబాద్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో విలీనమైంది. విజయవాడ కేంద్రం 1948లో వెలసింది. హైదరాబాద్ వారి ఉర్దూ కార్యక్రమం ‘నైరంగ్’, విజయవాడ వారి నాటికలు, ఉషశ్రీ గారి పురాణ ప్రవచనాలు ఒకే ఇంట, ఒకే రేడియో పెట్టెలో వినిపించిన కాలమది. ఉర్దూ, తెలుగు రెండూ చదివే మన కళాశాల విద్యార్థులకు ఆ వారసత్వంలో రెండు పాళ్లూ ఉన్నాయి.

మా మేనమామ గల్ఫ్ నుండి టూ-ఇన్-వన్ తేకముందు మా ఇంట రేడియో వేరు, రికార్డరు వేరు. అబ్బాజాన్ రెండింటినీ ఎదురెదురుగా పెట్టి, ఎర్ర మీటను ప్లే మీటతో కలిపి నొక్కి, ఎవరూ మాట్లాడవద్దని సైగ చేసేవారు. ఒకనాడు ముషాయిరా నడుమ వంటింటి నుండి అమ్మీ “చాయ్ చల్లారిపోతోంది” అన్నది. ఆ మాట కూడా టేపులో పడింది. మళ్లీ ఎవరూ చెరపకుండా అబ్బాజాన్ ఆ క్యాసెట్ వెనుక అంచున ఉండే రెండు రెక్కలనూ విరిచి పెట్టారు.

నేను ఇంటర్మీడియట్ చదివే రోజులలో కొత్త క్యాసెట్‌కు డబ్బు లేక, ఆ రంధ్రాలపై సెల్లోటేపు అంటించి ఒక వైపు సినిమా పాటలు నింపాను. అబ్బాజాన్ కోపగించలేదు. “ఆ షాయరు మళ్లీ వచ్చి చదవడు గదా, బేటా!” అన్నారు. ఆ కవి అప్పటికే కాలం చేశారు. రెండవ వైపు మిగిలింది. అమ్మీ మాట దానిలోనే ఉంది. ఆమె ఇప్పుడు లేదు.

ప్రసారం చేసిన కేంద్రం వారే భద్రపరచి ఉంటారు గదా, మనకెందుకీ శ్రమ అని కొందరు అనవచ్చు. అది భ్రమ. టేపు ఖరీదైన వస్తువుగా ఉన్న రోజులలో పెద్ద సంస్థలు సైతం చెరిపి మళ్లీ వాడుకొన్నాయి. బి.బి.సి. వారు 1960 దశకపు ‘డాక్టర్ హూ’ ధారావాహికలో అనేక భాగాలను అట్లే పోగొట్టుకొన్నారు. బొమ్మ పోయిన ఆ భాగాలన్నింటికీ శబ్దం మాత్రం నేడు మిగిలి ఉన్నది. కారణం, కొందరు ప్రేక్షకులు తమ ఇళ్లలో టెలివిజన్ శబ్దాన్ని టేప్ రికార్డర్లలోకి ఎక్కించుకొనడమే.

చట్టం మాటేమిటని మరికొందరి సందేహం. 1957 నాటి కాపీరైటు చట్టం 39వ సెక్షను సొంత వినికిడికి, నిజమైన బోధన, పరిశోధనలకు ప్రసారాలను రికార్డు చేసుకొనడాన్ని ప్రసార హక్కుల ఉల్లంఘనగా పరిగణించదు. అమ్ముకొనడం, ఊరంతటికీ పంచడం వేరు విషయం. మనం కోరేది భద్రత, అధ్యయనం మాత్రమే.

విద్యార్థి మిత్రులారా! ఇంటి అటకపై ఉన్న క్యాసెట్లను దించండి. బూజు పట్టినదానిని తొందరపడి యంత్రంలో పెట్టకండి. టేపును హెడ్‌కు అదిమే చిన్న ఫెల్టు ముక్క ఊడినదేమో చూడండి. ప్లేయరు హెడ్‌ను, రబ్బరు రోలరును శుభ్రపరచిన పిమ్మటనే మీట నొక్కండి. సి-60 క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి గంట సేపూ పడుతుంది, అడ్డదారి లేదు. శబ్దాన్ని కుదించని వేవ్ ఫైలుగా ఉంచి, వేర్వేరు చోట్ల నకళ్లు దాచండి. ఏ కేంద్రం, ఏ తేదీ, ఎవరు రికార్డు చేశారు అన్న వివరాలు ఇంటి పెద్దలు ఉండగానే అడిగి వ్రాసుకొనండి. పేరు తెలియని గొంతు సగం పోయినట్లే. వీడియో క్యాసెట్లనూ విస్మరించవద్దు. టెలివిజన్ ముషాయిరాలు వాటిలో ఉండవచ్చు.

కళాశాల కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే. మంచి స్థితిలో ఉన్న క్యాసెట్ డెక్కును, ఒక వీడియో ప్లేయరును, ఒక కంప్యూటరును గ్రంథాలయంలో ఒక మూల కేటాయించండి. విద్యార్థులు తెచ్చిన క్యాసెట్లను నకలు తీసి, అసలును ఇంటివారికి తిరిగి ఇచ్చి, ఉర్దూ, తెలుగు రెండు లిపులలోనూ పట్టిక తయారు చేయించండి. పుస్తకాలకు బీరువాలు కొన్న మనం గొంతులకు ఒక్క బీరువా కొనలేమా?

ఈ పని వచ్చే సంచిక నాటికైనా ఆరంభమైతే, మా ఇంట మిగిలిన ఆ ఒక్క వైపును మొదటి క్యాసెట్‌గా నేనే తెచ్చి ఇస్తాను.