బ్యాడ్జీ లేనివాళ్ల సంగతేమిటి?

ఏలూరులో రక్తపరీక్షలంటే ఇప్పటికీ 2020 డిసెంబరే గుర్తొస్తుంది. కొద్ది రోజుల్లో ఆరు వందల మందికి పైగా మూర్ఛలతో, కళ్లు తిరిగి ఆసుపత్రి పాలయ్యారు. ఢిల్లీ నుంచి, హైదరాబాదు నుంచి నిపుణులు వచ్చారు. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. జనం ఒక్కసారిగా పడిపోతే ప్రభుత్వం కదులుతుంది. కానీ ఇరవై ఏళ్లు ఎక్స్‌రే గదిలో పనిచేసిన ఆయా, పని మానేసిన తర్వాత ఎప్పుడో రక్త క్యాన్సరుతో చనిపోతే ఎవరు కదులుతారు? ఆ రెంటికీ సంబంధం ఉందేమోనని అడిగే నాథుడైనా ఉంటాడా?

ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఆకివీడు - ఎక్కడ చూసినా ఎక్స్‌రే సెంటర్లే. కొల్లేరు లంక గ్రామాల నుంచి చెయ్యి విరిగిన పిల్లల్ని ఇక్కడికే తెస్తారు. పిల్ల ఏడుస్తుంది, కదులుతుంది. టెక్నీషియన్ అడ్డుగోడ వెనక ఉంటాడు. పిల్లను పట్టుకునేది ఎవరు? నేను చూసిన చోట్ల చాలాసార్లు ఆయాయే. ఆమె ఒంటి మీద లెడ్ ఏప్రాన్ ఉండదు. డోసు కొలిచే బ్యాడ్జీ ఉండదు. రిజిస్టరులో ఆమె స్వీపరు మాత్రమే.

ఎక్స్‌రే తీయించుకోవద్దని నేననటం లేదు. రోగికి అది అవసరం. గర్భిణులకు తీసే స్కానింగులో అయితే ఈ కిరణాలే ఉండవు. నేను మాట్లాడుతున్నది రోజూ అదే గదిలో, కొంచెం కొంచెంగా, ఏళ్ల తరబడి డోసు తీసుకునేవాళ్ల గురించి.

కొంచెం డోసు ఏం చేస్తుందిలే అని చాలాకాలం అన్నారు. రక్తం తయారయ్యేది ఎముకల మూలుగలో. అక్కడి కణాలకు ఈ కిరణాలు చేసే హాని ఏళ్ల తర్వాత బయటపడవచ్చు. ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికాల్లో మూడు లక్షల మందికి పైగా అణు కార్మికులను దశాబ్దాల పాటు గమనించిన 'ఇన్‌వర్క్స్' అధ్యయనం ఫలితాలు 2015లోనూ, 2024లోనూ వచ్చాయి. వాళ్లకు మూలుగలో అందిన డోసు సగటున ఏడాదికి ఒక మిల్లీగ్రే చిల్లర. అయినా డోసు పెరిగిన కొద్దీ ల్యుకేమియా మరణాలు పెరిగాయి. 2024 లెక్క ప్రకారం, మొత్తం డోసు వంద మిల్లీగ్రేలకు చేరితే ఆ మరణాల రేటు సుమారు నాలుగో వంతు పెరుగుతుంది. ల్యుకేమియా అరుదైన జబ్బు కాబట్టి ఒక్కొక్కరికీ ప్రమాదం చిన్నదే. కానీ చిన్నది అంటే లేనిది అని కాదు.

ఆ అధ్యయనం ఎలా సాధ్యమైంది? ఒక్కో కార్మికుడి బ్యాడ్జీ లెక్కలూ దాచి ఉంచారు గనక. వాళ్లలో అత్యధికులు పురుషులు. మరి స్త్రీల మాట? అమెరికాలో 1982లో మొదలైన ఎక్స్‌రే టెక్నీషియన్ల అధ్యయనంలో స్త్రీలే ఎక్కువ. అందులో 2005లో తేలిన ఒక సంగతి మనకు ముఖ్యం. ఎక్స్‌రే తీసేటప్పుడు రోగుల్ని యాభై సార్లు గానీ అంతకు మించి గానీ పట్టుకున్నవాళ్లలో ల్యుకేమియా ఎక్కువగా కనిపించింది. మన ఆయాలు చేసే పని అదే కదా! వాళ్లనైనా టెక్నీషియన్లు గనక లెక్కించారు. బ్యాడ్జీ లేని ఆయా ఏ లెక్కలోకీ రాదు. లెక్కలోకి రానిదాని జబ్బుకు నష్టపరిహారం ఎవరిస్తారు?

నియమాలు లేక కాదు. పిల్లల్ని పట్టుకోవాల్సి వస్తే వెంట వచ్చిన పెద్దవాళ్లు పట్టుకోవాలి, సిబ్బంది కాదు, వాళ్లకు రక్షణ ఏప్రాన్ ఇవ్వాలి అని అణుశక్తి నియంత్రణ మండలి నియమావళి చెబుతుంది. కార్మికులకు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు హద్దు. గర్భవతినని తెలిపిన స్త్రీ విషయంలో, మిగిలిన నెలలన్నిటిలో కడుపులో బిడ్డకు ఒక మిల్లీసీవర్టు మించకూడదు. అయితే హద్దు అంటే ప్రమాదం మొదలయ్యే గీత కాదు. పైగా బ్యాడ్జీయే లేనప్పుడు ఏ హద్దు దాటారో ఎవరికి తెలుసు?

1950లలో బ్రిటన్‌లో ఆలిస్ స్టీవర్ట్ అనే డాక్టరు, క్యాన్సరుతో చనిపోయిన పిల్లల తల్లుల్ని కదిలించి అడిగింది. గర్భంతో ఉండగా ఎక్స్‌రే తీయించుకున్న తల్లుల పిల్లల్లో క్యాన్సరు ఎక్కువని అలా తేలింది. పెద్దలు చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. ఆడవాళ్లను అడిగితేనే తెలిసే నిజాలుంటాయి. మన ఆయాల్ని, నర్సుల్ని ఎవరైనా అడిగారా?

అందుకే మనం అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఎక్స్‌రే గదిలో పనిచేసే ప్రతి ఒక్కరికీ, ఆమె హోదా ఏదైనా, బ్యాడ్జీ ఇవ్వాలి. మూడు నెలలకోసారి వచ్చే రీడింగును యజమాని బీరువాలో దాచకుండా ఆమె చేతికివ్వాలి. ఉద్యోగం మారినా ఆ లెక్క ఆమె వెంట రావాలి. కార్మికులకు 75 ఏళ్లు వచ్చేదాకా, పని మానిన తర్వాత కనీసం 30 ఏళ్లపాటు రికార్డులు ఉంచాలని అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. గర్భవతి అయితే పని మార్చాలి గాని పనిలోంచి తీసెయ్యకూడదు. ఈ లెక్కల్నీ క్యాన్సరు రికార్డుల్నీ కలిపి ప్రభుత్వం ఇక్కడి ఆసుపత్రి కార్మికుల మీద అధ్యయనం చేయించాలి.

ఈసారి మీరు ఎక్స్‌రే గదికి వెళ్లినప్పుడు అక్కడి ఆయాను ఒక్క మాట అడగండి: "అమ్మా, నీ బ్యాడ్జీ ఏదీ?"