జిరాక్సు మిషనూ, ఆడిట్ లాగూ

1969 అక్టోబరులో డేనియల్ ఎల్స్‌బర్గ్ అనే ఆయన, తను పనిచేసే రాండ్ కార్పొరేషన్ బీరువాలోంచి రహస్య కాగితాలు రాత్రిపూట సంచీలో పెట్టుకుని బయటికి తెచ్చి జిరాక్సు తీయడం మొదలుపెట్టాడు. వియత్నాం ఊబిలోకి అమెరికా ఎలా దిగిందో రక్షణ శాఖ స్వయంగా రాయించుకున్న చరిత్ర అది. దాదాపు 7,000 పేజీలు. ఇవాళ పెన్‌డ్రైవులో ఓ మూలకి కూడా చాలని సరుకుకి ఆయనకి నెలలు పట్టింది.

1971 జూన్ 13న న్యూయార్క్ టైమ్స్ వాటిని అచ్చువేయడం మొదలెట్టింది. నిక్సన్ ప్రభుత్వం కోర్టుకెళ్ళి ఆపించింది. జూన్ 30న సుప్రీం కోర్టు 6-3 తో పత్రికల పక్షాన తీర్పు చెప్పింది. అచ్చుకి ముందే అడ్డుకోవాలంటే తగిన కారణం చూపించే బరువు ప్రభుత్వం మీదే ఉంటుందనీ, ఆ కారణం చూపలేకపోయిందనీ తేల్చింది. ప్రభుత్వం తరఫున వాదించిన గ్రిస్‌వోల్డ్ గారే, ఆ ప్రచురణ వల్ల దేశభద్రతకి ముప్పు వచ్చిన జాడే కనపడలేదని 1989లో వాషింగ్టన్ పోస్టులో రాశారు. మన దేశంలో 2019 ఏప్రిల్‌లో రాఫెల్ పత్రాల మీద ప్రభుత్వ అభ్యంతరాన్ని తోసిపుచ్చినప్పుడు మన సుప్రీం కోర్టు కూడా ఈ అమెరికా తీర్పుని ఉదహరించింది. (రివ్యూ పిటిషన్లని నవంబరులో కొట్టేసింది, అది వేరే సంగతి.)

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ తీర్పు కాపాడింది అచ్చువేసినవాళ్ళని. కాగితాలు తెచ్చినవాడి మీద 1917 నాటి ఎస్పియొనేజ్ చట్టం కింద కేసు పెట్టారు. 1973లో ఆ కేసు కొట్టేశారంటే, అతని మానసిక వైద్యుడి ఆఫీసులో దొంగతనం చేయించడం వంటి ప్రభుత్వ నిర్వాకాలు బయటపడ్డాయి కనక!

ఇక్కడే మన వృత్తి వస్తుంది. 2017లో రియాలిటీ విన్నర్ ఒకే ఒక్క రహస్య నివేదికని ప్రింటు తీసి ఒక వార్తాసంస్థకి పంపింది. దాన్ని ప్రింటు తీసినవాళ్ళు ఆరుగురేనని ఆడిట్‌లో తేలింది. వాళ్ళలో ఆ సంస్థతో ఈమెయిలు నడిపింది ఆవిడొక్కతే. మరుసటి ఏడాది 63 నెలల జైలుశిక్ష పడింది. పత్రిక హక్కు 1971లో ఉన్నట్టే ఉంది. ఆ హక్కుకి ముడిసరుకు అందించే మనిషి దాక్కునే చోటే లేకుండా పోయింది. ఆ చోటు మూసేసిన కోడు రాసింది మనలాంటివాళ్ళే.

అలాగని లాగులు తీసెయ్యమనడం లేదు. ఆసుపత్రి రికార్డులకీ బ్యాంకు ఖాతాలకీ అవే కాపలా. బయటపెట్టేవాళ్ళందరూ ఎల్స్‌బర్గులూ కారు. సంధి చర్చల సంపుటాలు నాలుగింటిని పత్రికలకివ్వకుండా ఆయన తన దగ్గరే ఉంచేసుకున్నాడు. అంత విచక్షణ అందరికీ ఉండదు. కానీ ఈ చట్టం కింద నడిచే కేసుల్లో, ప్రజల మేలు కోరి చేశానని చెప్పుకునే అవకాశమే కోర్టులు ఇవ్వడం లేదు. విచక్షణ ఉన్నవాడూ లేనివాడూ ఒకే గాటికి కట్టబడుతున్నారు. నా ఉద్దేశంలో మారాల్సింది ఆ చట్టం.

ఫైలు ఎవరు తీశారో, ఎన్నింటికి తీశారో మన లాగు సెకన్లతో సహా చెప్తుంది. ఎందుకు తీశారో అది చెప్పలేదు. ఆ మాట వినేందుకు కనీసం కోర్టయినా ఉండాలి కదా?