సంపాదకుని మాట: కనుమల నడుమ నీటి దారి

వానలు వెనకబట్టి గోదావరిలో ఎర్రనీరు తేరుకునేసరికి కార్తీకం వస్తుంది. అరకు పొలాల్లో వలిసెలు పచ్చగా పూసే రోజులవి. జనమంతా రైలెక్కి అటే పోతారు. అవే తూర్పు కనుమల్లో మరోచోట, గండిపోచమ్మ గుడి దగ్గర బోటెక్కి పాపికొండల్లోకి వెళ్లిన ఒక దంపతుల యాత్ర ఈ సంచికలో ముఖ్య రచన. ఆవిడ రాశారు, ఆయన ఫోటోలు తీశారు. రాతే బాగుంది, ఆయన ఏమీ అనుకోవద్దు. పేరంటాలపల్లిలో కొండరెడ్ల వెదురు పని గురించిన పేజీలు తప్పక చదవండి. పోలవరం ప్రాజెక్టులో పూర్తిగా నీరు నిలిపితే ఈ ఒడ్డున చాలా ఊళ్లు మునుగుతాయి. చూడాలనుకున్నవాళ్లు వాయిదా వేయకపోవడం మంచిది.

అలాగని వరదలో వెళ్లకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి పదుల ప్రాణాలు పోయాయి. ధర్మాడి సత్యం బృందం దాన్ని బయటికి లాగేసరికి అక్టోబరు 22 అయింది. ఆగిన బోట్లు మళ్లీ కదిలింది 2021లో. గోదావరికి పోటూ ఉంది, తగ్గూ ఉంది. తగ్గే దాకా ఆగండి. ఫోటో కోసమని లైఫ్ జాకెట్ మాత్రం విప్పకండి.