పేరు మారిన కొంప మునుగునా?

పాత నాటకశాల పేరు మారినదని ఎవరైన విచారించినచో, "పేరు మారినంతమాత్రమున కొంప మునిగినదా?" యని నవ్వువారు మనలోనే కలరు. కొంప మునుగదు. కాని ఆ కొంపను కట్టినదెవరో, అందు ఆడి పాడినదెవరో మరుగున పడిపోవును. ఆంధ్రదేశపు టెల్లలకు వెలుపల తరతరములుగా కాపురమున్న మనవంటివారికి ఇది స్వల్పనష్టము కాదు. ఈ యూళ్లకు మనము నిన్న మొన్న వచ్చినవారము కామని పలుకు సాక్ష్యములలో ఈ శాలలు ముఖ్యమైనవి.

చెన్నపురి సంగతి చూతము. అచ్చటి పౌరులు తమకొక పురమందిరము కావలయునని తలపెట్టగా, 1883 లో దానికి శంకుస్థాపన చేసినవారు విజయనగర ప్రభువు పూసపాటి ఆనంద గజపతిరాజు. రూపురేఖలు దిద్దినవాడు చిషోమ్. నిర్మాణభారము వహించినవాడు నంబెరుమాళ్లు శెట్టి. పేరు మాత్రము వీరెవ్వరికిని దక్కలేదు. రాణిగారి యేలుబడికి ఏబదియేండ్లు నిండిన సందర్భమును పురస్కరించుకొని అది విక్టోరియా పబ్లిక్ హాలైనది. 1891 లో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి బళ్లారి సరసవినోదినీ సభ చెన్నపురికి వచ్చి తెలుగు నాటకములాడెను. వానిని చూచి ముగ్ధుడై పమ్మల్ సంబంధ మొదలియారు ఆ యేడే సుగుణ విలాస సభను స్థాపించెను. ఆధునిక తమిళ నాటకమునకు తండ్రియని కీర్తి గన్న ఆ మహనీయుడు ఈ ఋణమును దాచుకొనలేదు, తానే వ్రాసికొనెను. ఆ సభవారి నాటకములకు చిరకాలము రంగస్థలము ఆ విక్టోరియా హాలే. తమిళుడు మరువని సంగతిని తెలుగువాడు మరచుట ఎంత వింత!

చలనచిత్రశాలల కథయు ఇట్టిదే. 1869 లో జన్మించిన రఘుపతి వెంకయ్య మచిలీపట్నమునుండి చెన్నపురి చేరి, ఛాయాచిత్రములు తీయుచు జీవనము సాగించి, 1914 ప్రాంతమున మౌంటురోడ్డులో గెయిటీని నిర్మించెను. చెన్నపురిలో భారతీయుడు కట్టిన తొలి సినిమాశాల అదియే. పిమ్మట మింటు వీథిలో క్రౌను, పురశవాక్కములో గ్లోబు వెలసినవి. గ్లోబు కాలక్రమమున రాక్సీ అయినది. రాక్సీలో చిత్రములు చూచిన పెద్దలు మన యిండ్లలో నేటికిని ఉన్నారు. ఆ శాల వెంకయ్యగారిదని వారిలో ఎందరెరుగుదురు? గోడలున్నంతకాలము పేరు కప్పినది. తరువాత గోడలును పోయినవి.

ఇందు భాషాద్వేషమును వెదకువారితో మేము ఏకీభవింపము. రాక్సీయన్నది తమిళపదము కాదు. విక్టోరియా ఏ పొరుగుభాషవారి ఆడపడుచును కాదు. ఏలినవాడు తన పేరు పెట్టును, కొన్నవాడు తనకు లాభించు పేరు పెట్టును. కట్టినవాని పేరు నిలుపవలసిన పూచీ ఆతనివారిది. ఆ పూచీని మనము వదలుకొని ఇరుగుపొరుగులను నిందించుట న్యాయమా?

పేరుమార్పు లన్నియు చెడ్డవనియు మేమనము. 2014 నవంబరు 1 నుండి కర్ణాటక ప్రభుత్వము బెల్లారిని బళ్లారిగా వ్రాయుచున్నది. మన నోట అది ఏనాడును బళ్లారియే. జనుల నోటిపేరు కాగితమున కెక్కుట మంచిదే.

ఆ బళ్లారియే మనకు మరియొక పాఠమును నేర్పుచున్నది. 1953 అక్టోబరు 1 న ఆ పట్టణము మైసూరు రాష్ట్రమున చేరినది. నటశేఖరుడు రాఘవ అంతకు పూర్వమే, 1946 లో, కీర్తిశేషుడయ్యెను. రాష్ట్రము మారినను, తరములు మారినను, రాఘవ కళామందిరము ఆ పేరుతోనే నిలిచియున్నది. ఆయన తెలుగుతోపాటు కన్నడమునను ఆంగ్లమునను నటించి అందరివాడయ్యెను. ఆయన పేర స్మారకసంఘము వెలసినది. అడుగువారున్నచోట పేరు చెరగదు.

మరి మన సంఘముల నడత ఎట్లున్నది? సభాభవనమునకు సున్నము వేయించిన దాత పేరు గుమ్మముపై కెక్కుచున్నది. తొలినాడు ఇంటింట బియ్యము, అణాలు పోగుచేసి పునాది వేసినవారి పేర్లు ఆ సున్నము క్రిందనే అణగిపోవుచున్నవి. మన యింట ఈ పని చేయుచు, నగరపాలకులను నిలదీయుటకు మనకు ముఖమున్నదా?

కావున మేము కోరునది స్వల్పము. శాలకు ఏ క్రొత్త పేరైన పెట్టుకొనుడు. దాని క్రింద పూర్వనామము, స్థాపకుని పేరు, స్థాపించిన సంవత్సరము ఒక్క రాతిపలకపై స్థానికభాషయందును తెలుగునందును చెక్కింపుడు. ఈ నియమమును ముందుగా మన భవనములందే అమలు జరుపుదము. ప్రతి కుటుంబమును తన పాతపెట్టెలు తెరచి నాటకముల కరపత్రములు, టిక్కెట్టు ముక్కలు, ఛాయాచిత్రములు వెలికి తీసి, నకళ్లు సంఘమున కందజేయవలెను. రేపు రాతిపలకపై ఏమి చెక్కవలయునని ఎవరైన అడిగిననాడు ఈ కాగితములే మన తరఫున మాటలాడవలసియున్నవి.