ఏ గూటి పిట్టకు ఆ పలుకేనా?

"ఏ గూటి చిలక ఆ గూటి పలుకే పలుకుతుంది" అంటారు పెద్దలు. ఎవరైనా తమ వాళ్ళలోనే ఇమడగలరని చెప్పడానికి కూడా ఈ సామెతే వాడుతుంటారు. కొండ అడవుల పిట్టలను గమనిస్తే ఈ మాట పూర్తిగా నిజం కాదనిపిస్తుంది.

శ్రీలంకలోని సింహరాజ కొండ అడవి 1988లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. అక్కడి పక్షుల గుంపులను శాస్త్రజ్ఞులు 1980ల నుంచి పరిశీలిస్తున్నారు. ఒక్కో గుంపులో సగటున 11 జాతులు, 40 దాకా పక్షులు ఉంటాయి. నారింజ రంగు ముక్కున్న గోధుమ వన్నె పిట్టలు ఆకులను కదిలిస్తూ ముందుకు సాగుతాయి. బెదిరి పైకెగిరిన పురుగులను ఒక నల్లపిట్ట పట్టుకుంటుంది. దాని పొడవాటి తోక చివర లోతుగా చీలి ఉంటుంది. అది మన పొలాల్లో గేదెల వీపు మీద కూర్చునే పసులపోలిగాడికి దాయాది. దాని దగ్గరి జాతి ఒకటి మన తూర్పు కనుమల్లోనూ కనిపిస్తుంది.

ఈ పిట్ట డేగను చూడగానే అరిచి గుంపంతటినీ హెచ్చరిస్తుంది. అంతేకాదు, ఇతర పిట్టల గొంతులను అనుకరిస్తుంది. ఆ అనుకరణ కూతలను రికార్డు చేసి అడవిలో వినిపిస్తే వేరే జాతుల పిట్టలు దగ్గరకు వచ్చాయని ఎబెన్ గుడేల్, శరత్ కొటగామ 2006లో వెల్లడించారు.

ఇందులో త్యాగమేమీ లేదు, ఎవరి కడుపు వారిదే. అయినా ఎదుటివారి పలుకు పలికిన పిట్ట చుట్టూ గుంపు చేరుతోంది.

మిత్రులారా! మన హాస్టళ్ళలో జరిగేదేమిటి? ఒక ఊరి వాళ్ళంతా ఒకే బంతిలో కూర్చుంటారు. ఒకరి యాసను ఇంకొకరు వెక్కిరిస్తారు. కొత్తగా చేరిన పిల్లవాడు నోరు తెరవగానే పదిమందీ నవ్వితే, దసరా సెలవులకు వెళ్ళినవాడు ట్రంకుపెట్టె కోసం కూడా తిరిగి రాడు. ఆ రోజుతో వాడి చదువు ఆగిపోతుంది. మనకది ఒక నవ్వు, వాడికది ఒక జీవితం.

అందుకే మా అభిప్రాయం ఇది. గదులను ఊళ్ళవారీగా కాకుండా కలిపి కేటాయించాలి. కొత్తవాళ్ళ మాటలు సీనియర్లు నాలుగైనా నేర్చుకుని వాళ్ళతో మాట కలపాలి. చదువు ముగించి వెళ్ళిన అన్నలు వచ్చినప్పుడు ముందుగా మూల కూర్చున్న వాడిని పలకరించాలి. ఐకమత్యమంటే అందరూ ఒకేలా మాట్లాడటం కాదు, ఒకరి మాట ఇంకొకరికి చెవికెక్కడం.