ద్రోణుడి ఊరికి పొరుగు పాట

పాండవులు గురుదక్షిణగా ద్రోణుడికి ఇచ్చిన ఊరని స్థలపురాణం. ఆ నమ్మకంతోనే 2016లో గుడ్‌గావ్ పేరు గురుగ్రామ్ అయింది. ఆ పాండవుల కథను తరాలుగా పాడుతున్నవాళ్లు ఆ ఊరికి దక్షిణాన, సోహ్నా దాటాక వచ్చే మేవాత్ పల్లెల్లో ఉన్నారు. వాళ్లు ముస్లింలు. మిరాసీలు అంటారు. వాళ్ల భారతం పేరు 'పాండూన్ కా కడా'. సాదుల్లా ఖాన్ అనే మేవాతీ కవి కట్టాడని చెప్పుకునే ఈ గాథను దోహాల్లో పాడుతూ, మధ్యమధ్య వచనంలో కథ చెబుతారు.

మేవాత్‌ జానపద గాయకులైన జోగీల చేతిలో ఉండే భపంగ్‌ను చూస్తే తెలుగువాడికి సొంత ఊరు గుర్తుకొస్తుంది. సొరబుర్రకు ఒకవైపు తోలు, దాని నడుమ నుంచి ఒకే ఒక్క తీగ, తీగ చివర పట్టుకోవడానికి చిన్న పిడి. బుర్రను చంకలో ఇరికించి, తీగను లాగుతూ వదులుతూ మీటితే వాయిద్యం మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవారి జమిడిక, ఉత్తరాంధ్ర జముకుల కథలో జముకు దీని తోబుట్టువులే. ఎక్కడి ఆరావళి, ఎక్కడి శ్రీకాకుళం! ముస్లిం నోట వీరగాథ వినడమూ మనకు కొత్త కాదు. పల్నాటి యుద్ధం అంటే షేక్ నాజర్ బుర్రకథే గుర్తొచ్చే తరం ఇంకా మన మధ్య ఉంది.

మేవాత్ పేరు మన హైదరాబాద్‌కు మరో దారిలోనూ వచ్చింది. ఉస్తాద్ ఘగ్గే నజీర్ ఖాన్ నుంచి పండిట్ నత్థూలాల్‌కు, ఆయన నుంచి పండిట్ మోతీరామ్‌కు అందిన గాన సంప్రదాయమే మేవాతీ ఘరానా. మోతీరామ్ 1934లో హైదరాబాద్‌లో కన్నుమూశారు. నిజాం ఆస్థాన విద్వాంసుడిగా నియామకం అందుకోవలసిన రోజే అది అంటారు. కొడుకు జస్‌రాజ్‌కు అప్పటికి నాలుగేళ్లు. హర్యానాలో పుట్టిన ఆ పిల్లవాడు పెద్దయ్యాక తండ్రి పేరిట, తనకు గురువైన అన్న మణిరామ్ పేరిట 1972 నుంచి హైదరాబాద్‌లో ఏటా సంగీత సమారోహం జరిపారు. మన నగరం నేల మీద కూర్చుని ఎన్నో రాత్రులు ఆ గానం విన్నది.

గురుగ్రామ్‌లో గానీ, ఇంకెక్కడ గానీ ప్రాంతీయ సంగీత వారసత్వం పేరిట సభ పెట్టేవారిని ఒక్కటి కోరాలనిపిస్తుంది. శాస్త్రీయ గాయకుడికి రెండు గంటలు, జానపద గాయకుడికి పది నిమిషాలు అనే లెక్క మార్చండి. అతిథులు లోపలికి నడిచి వస్తుంటే గుమ్మం దగ్గర వాయించడమే జోగీ పని కాకూడదు. మన పెళ్లిళ్లలో డప్పు కళాకారులకూ ఇదే జరుగుతోంది. ఎండలో నిలబడి కొట్టినవారిని లోపలికి పిలిచి ఆసాంతం విన్నవారు ఎందరు?

ఈ పాటల మేవాత్‌లోని నూహ్ ప్రాంతం 2005 వరకు గుడ్‌గావ్ జిల్లాలోనిదే. విడిపోయాక ఒకచోట మేడలు లేచాయి, రెండోచోట పేదరికం మిగిలింది. 2018లో నీతి ఆయోగ్ వెనకబడిన జిల్లాల పట్టికలో నూహ్ అట్టడుగున కనిపించింది. 2023 జూలై 31న అక్కడ అల్లర్లు రేగి గురుగ్రామ్ దాకా పాకాయి. ప్రాణాలు పోయాయి. ఆ వారమంతా దేశం నూహ్ పేరు వార్తల్లోనే విన్నది. పాండవుల పాట పాడే ఊళ్లు అవేనని ఎవరూ చెప్పలేదు.

'పాండూన్ కా కడా' పది నిమిషాల్లో ఒదిగేది కాదు. ఈ చలికాలం గురుగ్రామ్‌లో ఏదో ఒక వేదిక మీద ఒక రాత్రి దానికే ఇవ్వాలి. తెలుగువారు అక్కడ చాలామందే ఉన్నారు. ఇక్కడి నుంచి ఒక జముకుల బృందాన్ని కూడా పిలిపిస్తే, భపంగ్ పక్కన జముకు కూర్చుంటుంది.